కూజా ఎవరు నింపాలి

శనివారం, పదకొండో తేదీ, ఉదయం

అమ్మాయికి,

టీచరమ్మ ఇంటి నుంచి ఆశీస్సులు. నువ్వూ మీ అమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయడం చేతికి అలవాటు. రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కడినే. నేను క్షేమం.

ఈ ఉత్తరం లిఫ్టు మెకానిక్ తెచ్చి ఇస్తాడు. మందుల షాపు పైన నీ క్లాసు జరిగే భవనంలో లిఫ్టు చూసేది అతనేనట. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మా ముందు గదిలో కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుంటాడు. మనిషి మంచివాడు. నోరు మాత్రం ఏ అంతస్తులోనూ ఆగదు. ఇక్కడి సంగతులు నువ్వు అడిగితే చెప్తాడు, అడగకపోయినా చెప్తాడు. అందుకే నేనే ముందు రాస్తున్నాను.

టీచరమ్మ పోయి నాలుగు నెలలు దాటింది. ఆ రోజు నువ్వు మా వీధి మొదట్లో, నువ్వు పనిచేసిన పాత ఇస్త్రీ షాపు అరుగు దగ్గర చాలాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయావని తర్వాత తెలిసింది. మెకానిక్ నిన్ను చూసి రమ్మన్నాడట. నువ్వేమో, నేను రాసిన ఉత్తరానికి జవాబు రాయడానికే టీచరమ్మకి మనసొప్పలేదు, ఇప్పుడు వద్దని చెప్పలేని స్థితిలో ఉంది కదా అని లోపలికి వస్తే బాగుండదు అన్నావట. అతను ఈ మాట క్లాసులో చెప్పాడు. విని దర్జీ ఆవిడ, ఎంత పట్టుదలమ్మా ఆ పిల్లకి, ఆఖరి చూపుకి కూడా రాలేదా అంది. నేను ఏమీ అనలేదు. అనాల్సింది. ఆవిడ నిన్ను క్షమించకుండానే పోయిందని నువ్వు అనుకుంటున్నావు. ఆ సంగతి మాట్లాడడానికే ఈ కాగితం తీశాను. మాట్లాడతాను. నాకు ఏదైనా చెప్పాలంటే చుట్టూ తిరిగి రావడం అలవాటని నీకు తెలుసు.

నువ్వు మొదటిసారి మా మెట్లెక్కిన రోజు నాకు బాగా గుర్తు. నీకు పంతొమ్మిదేళ్ళు. ఇస్త్రీ చేసిన నా చొక్కాలు తెచ్చావు. బోలెడంత ఆవేశంతో ఉన్నావు. అంతకుముందు రోజు మన భాష రాని ఒక పెద్దమనిషి షాపు ముందు ఎండలో నిలబడ్డాడు. అయ్యా, మీరు నిలబడక్కర్లేదు, బట్టలు నేనే ఇంటికి తెచ్చిస్తాను అని అతనికి చెప్పాలనుకున్నావు. యూ మస్ట్ నాట్ స్టాండ్ హియర్ అన్నావు. ఆయన మొహం ఎర్రబడింది. బట్టల మూట తీసుకుని ఎదురు షాపుకి వెళ్ళిపోయాడు. మర్యాదగానే కదమ్మా చెప్పాను, ఆయనకేం పోయేకాలం అని మా గుమ్మంలో నిలబడి టీచరమ్మని నిలదీశావు, తప్పు ఆవిడదే అయినట్టు. ఆవిడ నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. తర్వాత, పాపం మర్యాదగానే చెప్పావమ్మా, ఇక్కడ నిలబడితే ఊరుకోను అని మర్యాదగా చెప్పావు అంది. నువ్వు నాలుక కరుచుకున్నావు. మంగళవారం రా అంది. నువ్వు ఆ సాయంత్రమే వచ్చావు. అది బుధవారం.

గది అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఒకదానితో ఒకటి పోలిక లేని కుర్చీలు. నల్లరంగు పూసిన బీరువా తలుపు, అదే బోర్డు. కిటికీ గట్టు మీద మట్టి కూజా. కింద పంపు దాకా ముప్పై నాలుగు మెట్లు.

ఆ కూజా సంగతి నీకు చెప్పనక్కర్లేదు. అయినా రాయాలనిపిస్తోంది. ఎదుటివాళ్ళని యూ మస్ట్ అన్నవాళ్ళు కిందకి వెళ్ళి కూజా నింపుకు రావాలి. ఆవిడ క్లాసులో ఉన్న ఒకే ఒక్క శిక్ష అది. మస్ట్ అనే మాట ఎవరికి వాళ్ళు చెప్పుకోవాల్సింది, ఇంకొకరి నెత్తిన పెట్టేది కాదు అనేది. పుస్తకాల్లో అలా లేదే అని నేను అడిగాను. పుస్తకాలు నీళ్ళు మోయవు కదా అంది. నోట్సులో ఎవరైనా రాస్తే మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న కూజా బొమ్మ గీసేది. ఆ బొమ్మ కనబడితే చాలు, పుస్తకం మూసి మెట్లు దిగేవాళ్ళు. నీ మొదటి నోట్సు నిండా కూజాలే. కుమ్మరి ఇంటికి వచ్చినట్టుంది అని నవ్వేది.

నీకంటే ఎక్కువసార్లు దిగింది నేనే. ముప్పై ఏళ్ళు నీటి సరఫరా ఆఫీసులో నోటీసులు రాసినవాణ్ణి. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా అని మొదలుపెట్టకపోతే నాకు ఇంగ్లీషులో వాక్యం కదిలేది కాదు. వినియోగదారుడు షల్ చెల్లించవలెను, షల్ హాజరు కావలెను. క్లాసులో ఒకరోజు ఎవరో మంచినీళ్ళు అడిగితే, యూ షల్ ఫైండ్ ఇట్ బై ది విండో అన్నాను. నువ్వే అన్నావు, అబ్బ, బాబాయ్ మంచినీళ్ళు ఇచ్చినా నోటీసు ఇచ్చినట్టే ఉంటుంది అని. ఆ రోజు నుంచి నా పేరు షల్ బాబాయ్. టీచరమ్మ కూడా వెనకాల అదే అనేదని నాకు తెలుసు.

ఆవిడ చెప్పిన పాఠాల్లో నాకు ఒక్కటి మరపు రాదు. మన భాషకి ఒక్క ‘ఆలి’ చాలు అని మొదలుపెట్టేది. వెళ్ళాలి, తినాలి, చెప్పాలి. ఎవరు పెట్టిన పని, తప్పించుకోవచ్చా లేదా అన్నది మన గొంతే చెప్తుంది. ఇంగ్లీషులో గొంతు ఒక్కటే చాలదు, మాట కూడా మార్చాలి. బస్సు ఆరింటికి, మేనేజరు కోపిష్టి. అది హ్యావ్ టు. బయటివాళ్ళు పెట్టింది. దాహం వేసింది, అది నీడ్ టు. ఒళ్ళు అడిగింది. నీ మనసే నిన్ను కూర్చోనివ్వకపోతే అది మస్ట్. మరి షుడ్ ఏంటి టీచరమ్మా అని నువ్వు అడిగావు. అది మీ బాబాయ్ అటక సర్దడం అంది. చేస్తే బాగుంటుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, అటకకీ తెలుసు.

ఇంకొక మాట ఉంది కదా, ఆట్ టు అని, అది ఎప్పుడు వాడాలి అని ఎవరో అడిగారు. అది పుస్తకాల్లో బతికే మాట, మీకు బస్సు దొరకాలంటే దాంతో పనిలేదు, వదిలెయ్యండి అంది. ఇది గుర్తుపెట్టుకో. మళ్ళీ వస్తుంది.

నువ్వు మా దగ్గర ఏడేళ్ళు ఉన్నావు. చివరి మూడేళ్ళు సగం పాఠం నువ్వే చెప్పావు. ఆవిడ గొంతు అలసిపోతే కుర్చీలోంచే చెయ్యి ఊపేది, నువ్వు అందుకునేదానివి. మాకు పిల్లలు లేరు. దాని గురించి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు. నువ్వు వచ్చాక మాట్లాడుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇంతకంటే నాకు రాయడం రాదు.

తర్వాత ఆ మంగళవారం. పద్దెనిమిది కుర్చీల్లో పదకొండు ఖాళీ. ఆరున్నర దాకా చూసింది. వాన లేదు, బస్సుల సమ్మె లేదు. ఏడింటికి ఎవరో చెప్పారు, నువ్వు మందుల షాపు మీద క్లాసు పెట్టావని, వాళ్ళంతా అక్కడున్నారని. ఆవిడ మిగిలిన ఏడుగురికి పాఠం పూర్తిగా చెప్పింది. నీ క్లాసులో కూజా బదులు ప్లాస్టిక్ సీసా పెట్టావని ఆ శుక్రవారం తెలిసింది. ప్లాస్టిక్ సీసానా, నీళ్ళు వేడెక్కిపోవూ అంది. అంతే అంది. తర్వాత రెండు రోజులు ఏమీ తినలేదు.

నేను నీ మీద చాలా కోపంగా ఉన్నాను. దాచను. క్లాసు పెట్టినందుకు కాదు. చెప్పకుండా పెట్టినందుకు. ఒక్కమాట ముందు ఆవిడ చెవిన వేసి ఉంటే సగం కుర్చీలు ఆవిడే మోయించి పంపేది.

తొమ్మిది నెలలకి నువ్వు ఉత్తరం రాశావు. జవాబు రాలేదు. ఆరేళ్ళు గడిచాయి.

ఇక చివరి రోజుల సంగతి. గుండె నీరసించిందన్నారు డాక్టరు. ఈ మందులు వాడాలి, ఉప్పు తగ్గించాలి, మెట్లు ఎక్కకూడదు. ఆయన చెప్పి వెళ్ళాక, చూశారా, హ్యావ్ టు, షుడ్, మస్ట్ నాట్, మూడూ ఒక్క చీటీ మీదే రాశారు అంది. మంచం ముందు గదిలోకి మార్చాం, పుస్తకాల అలమర పక్కకి. క్లాసు ఆపడానికి ఒప్పుకోలేదు. పడుకునే చెప్పింది. ఒక మధ్యాహ్నం గంజి పట్టుకుని కూర్చున్నాను. నోరు తెరవదు. నాకు ఏడుపొచ్చింది. యూ మస్ట్ ఈట్ అన్నాను. ఇంగ్లీషులో ఎందుకు అన్నానో నాకే తెలియదు. ఆవిడ మంచం మీద నుంచి వేలు లేపి కిటికీ వైపు చూపించింది. నేను ముప్పై నాలుగు మెట్లు దిగి కూజా నింపుకొచ్చాను. అప్పుడు నాలుగు చెంచాలు తాగింది.

ఆ వారాల్లోనే ఇంకొకటి జరిగింది. నేను మందులకి వెళ్ళి వచ్చేసరికి పెద్ద నిఘంటువు మంచం మీద, ఆవిడ పక్కన ఉంది. ఇటుక లాంటి పుస్తకం. అంత బరువు ఎందుకు ఎత్తావు అన్నాను. దుమ్ము దులుపుదామని అంది. నేను తీసి అలమరలో పెట్టేశాను. ఆ సాయంత్రం అడిగింది. ఏవండీ, ఆట్ అనే మాటకి అర్థం ఏంటో కాస్త చూసి చెప్తారా అని. నీకు తెలియనిదా అన్నాను. మర్చిపోయాను అంది. షుడ్ లాంటిదేగా అన్నాను. లాంటిదే కాదేమో, చూడండి అంది. కళ్ళజోడు కనబడట్లేదన్నాను. నెత్తి మీద ఉంది చూసుకోండి అంది. పొయ్యి మీద పాలు పెట్టానని లేచి వెళ్ళిపోయాను.

రెండు రోజులకి మళ్ళీ అడిగింది. మళ్ళీ ఏదో చెప్పి నీళ్ళు నమిలాను. మూడోసారి అడిగినప్పుడు నేను ఏ సాకూ చెప్పకముందే, సరే మీ ఇష్టం, నేను మస్ట్ అనను, కూజా నింపే ఓపిక నాకు లేదు అంది. కళ్ళు మూసుకుంది. నవ్వుతోందనే అనుకున్నాను. మళ్ళీ అడగలేదు. తర్వాత తొమ్మిది రోజులు ఉంది.

క్లాసు ఇప్పుడు నేను చెప్తున్నాను. నవ్వకు. తొమ్మిదిమంది ఉన్నారు. వ్యాకరణం నాకు తెలుసు, మాట్లాడడం తెలియదు. వాళ్ళు నా దగ్గర నేర్చుకుని బయటికి వెళ్ళి మాట్లాడితే జనం సంతకం ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారట. మెకానిక్ మొన్న లిఫ్టులో ఇరుక్కున్న ఒకావిడకి బయటి నుంచి, యూ షల్ రిమైన్ కామ్ అని అరిచాడట. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. సార్ చెప్పినట్టే చెప్పాను సార్ అన్నాడు.

దర్జీ ఆవిడకి యాభై రెండేళ్ళు. కోడలు ఇంగ్లీషులో ఫోను మాట్లాడుతూ తన గురించి ఏమంటోందో తెలుసుకోవాలని చేరింది. నిన్న సాయంత్రం, ఆసుపత్రి గోడ మీద ఆట్ అని రాసి ఉంది సార్, అంటే ఏంటి అని అడిగింది. షుడ్ లాంటిదే అన్నాను. లాంటిదే అంటే ఎలా సార్, నేను జాకెట్టు లాంటిది కుట్టి ఇస్తే ఎవరైనా ఊరుకుంటారా, అదిగో అంత లావు పుస్తకం పెట్టుకున్నారుగా, చూసి చెప్పండి అంది. తొమ్మిది జతల కళ్ళు అలమర వైపు తిరిగాయి. కళ్ళజోడు నెత్తి మీదే ఉంది. లేచాను. పుస్తకం తీశాను. అర్థం చదివి చెప్పాను. చేయడం న్యాయం కాబట్టి చేయాల్సిన పని, అని ఉంది. అమ్మయ్య, ఇప్పుడు తెలిసింది అందావిడ.

క్లాసు అరగంట ముందే ముగించాను.

అందుకే ఈ ఉత్తరం. ఈ తొమ్మిదిమందికి నీ అవసరం ఉంది. నీ క్లాసు మానేయమని కాదు. వాళ్ళని నీ దగ్గరికి పంపమన్నా పంపుతాను, కుర్చీలతో సహా. లేదా వారంలో ఒక సాయంత్రం ఆ గదిలో నువ్వే చెప్పు. ఏది చేసినా, అసలేదీ చేయకపోయినా, నాకు నీ మీద కోపం లేదు. ఆ కోపం చాలా ఏళ్ళ కిందటే పోయింది. పోయిందని నీకు కబురు పెట్టడం కూడా నా షుడ్‌ల అటక మీదే ఉండిపోయింది.

మీ అమ్మని అడిగినట్టు చెప్పు. నా చొక్కాలు ఇప్పుడు నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను. కాలర్ నీలాగా రాదు.

ఆశీస్సులతో,
షల్ బాబాయ్

తా.క. సంతకం పెట్టేశాను. కవరు కూడా తీశాను. ఇది చెప్పకుండానే అతికించగలనేమో చూశాను. చేతకాలేదు. అసలు విషయం ఎప్పుడూ అడుగునే రాస్తారు, నోటీసు మనిషి అనేది ఆవిడ నన్ను.

నీ ఉత్తరం ఆవిడకి నేను ఇవ్వలేదు.

పోస్టు నా చేతికే వచ్చింది. విప్పి చదివాను. నీ ఇంగ్లీషులో ఒక పేజీ. ఆ వారమే ఆవిడ చాలా నెలల తర్వాత కూనిరాగం తీస్తూ గిన్నెలు తోమింది. ఇప్పుడే కుదుటపడింది, ఒక వారం ఆగి ఇద్దాం అనుకున్నాను. వారం గడిచింది. ఆలస్యంగా ఇస్తే ఎందుకు దాచావని అడుగుతుంది. నెల గడిచింది. ఆ తర్వాత ఇవ్వడం ఇంకా కష్టమైంది. నిఘంటువులో పెట్టాను. ఆవిడకి అన్ని మాటలూ వచ్చు, ఆ పుస్తకం ఎవరూ తెరవరని. ఏ పేజీలో పెట్టానో కూడా చూడలేదు.

నిన్న తెరిస్తే ఆ పేజీలోనే ఉంది. ఆట్ అన్న మాట పక్కన.

తెలుగులో క్షమాపణ అడగడం నీకు సులువు. అయినా ఆవిడ నేర్పిన భాషలో రాశావు. మొత్తం పేజీ పెన్సిల్‌తో దిద్ది ఉంది. మూడు కామాలు, రెండు స్పెల్లింగులు. చెయ్యి వణికిన గీతలు. అంటే మంచం పట్టిన తర్వాత, నిఘంటువు ఎత్తిన ఆ మధ్యాహ్నం. చివర నువ్వు, యూ మస్ట్ ఫర్గివ్ మీ టీచరమ్మా అని రాశావు. దాని పక్కన మార్జిన్‌లో కూజా బొమ్మ. గీత వంకరపోయింది, అయినా కూజాయే. అడుగున, అందరి నోట్సు చివరా రాసే మాటే రాసింది: ‘చూశాను. మంగళవారం రా.’

ఎవరి చేతనైనా నీకు కబురు పంపగలిగేది. మెకానిక్ వారానికి రెండుసార్లు ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. పంపలేదు. నేను దాచింది నా చేత్తోనే ఇప్పించాలని మూడుసార్లు దారి చూపించింది. మూడుసార్లూ నేను తప్పించుకున్నాను. మొదటిసారి అడిగిన రోజుకి, ఆవిడ బతికుండగా నువ్వు రావడానికి ఇంకా మూడు మంగళవారాలు మిగిలి ఉన్నాయి. ఈ లెక్క నాది. దీనికి నన్ను క్షమించమని రాసే హక్కు నాకు లేదు.

నీ ఉత్తరం ఇందులోనే పెట్టాను. నీకు రావాల్సిన జవాబు అదే.

ఒక్క విషయం. నిన్ను రావాలి అని నేను అనను. నాలుగు నెలలుగా క్లాసుకి ముందు కూజా నేనే నింపి పెడుతున్నాను. ఈ మంగళవారం నింపను. ఆవిడ బొమ్మ గీసింది నీ పేజీలో. కూజా కిటికీ గట్టు మీద ఖాళీగా ఉంటుంది.